కీచు

చర్చి పక్క వాలు దిగేటప్పుడు
మా కారు కీచుమనేది.
మా రేవులో అందరికీ తెలిసిన చప్పుడే.
పీతల ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు దిగి నేనొస్తున్నానని
ఆంబ్రోస్ కుక్క లేచి, ఒళ్లు విరుచుకుని,
మళ్లీ పడుకునేది.

ప్యాడ్ అరిగితే అరవడానికని
ఓ చిన్న రేకు తగిలించి ఉంచుతారట.
ఏప్రిల్ నుంచీ అరుస్తోంది పాపం.
నేను రేడియో పెంచాను.

గురువారం టెస్సాకి లైసెన్స్ వచ్చింది.
శుక్రవారం పొద్దున రేడియో కట్టేశాను.

మేరీస్‌టౌన్ మెకానిక్ అడిగిన డబ్బుకి
కారు మొత్తం అమ్మినా ఇంకా బాకీ పడేట్టున్నాను.
లియో మూడు వారాలు ఆల్బర్టాలో, మూడు వారాలు ఇంట్లో.
ఇవి ఆల్బర్టా వారాలు.
"జాకీ కింద చెక్క పెట్టు" అన్నాడు ఫోన్లో,
ఆ వెంటనే సిగ్నల్‌తో పాటు మాయమయ్యాడు.
పెట్టాను.
తడి గులకరాళ్ల మీద చెక్క, చెక్క మీద జాకీ,
జాకీ మీద పద్నాలుగేళ్ల కరోలా,
అన్నిటి మీదా సముద్రం నుంచి లేచిన పొగమంచు.

నట్లు వచ్చాయి గానీ చక్రం రాలేదు.
పద్నాలుగు చలికాలాల రోడ్డు ఉప్పు
దాన్ని హబ్‌కి అంటగట్టేసింది.
మడమతో తన్నాను.
రెండో తన్ను మెకానిక్‌కి.
మూడోది లియోకి. ఊడింది.

కాలిపర్ బరువు గొట్టం మీద పడకూడదు.
లియో సూటు హ్యాంగర్ తెచ్చి, వంచి, స్ప్రింగుకి కట్టాను.
సూటు మంచం మీద చేతులు చాచి పడుకుంది,
ఎవరైనా పిలిస్తే లేద్దామన్నట్టు.

బయటి ప్యాడ్ బాగానే ఉంది.
అనవసరంగా భయపడ్డానా అనుకున్నా.
లోపలిది గోరు మందం.
ఒకే కాలి కింద, ఒకే వాలు మీద
కలిసి నలిగినవే రెండూ.

ఆంబ్రోస్ టీ కప్పుతో కంచె మీదికి వంగాడు.
"పిన్ను బిగుసుకుపోయింది చూడు.
ఒకటి కదలనని మొండికేస్తే
భారమంతా రెండోదాని మీదే."
బ్రేకుల గురించే అన్నాడు.
అతని వెనక డల్సీ ఒక్కతే
మంచుకి తడిసిన దుప్పట్లు తీగ మీంచి లాగుతోంది.

ఆ పిన్ను రావడానికి గంట పట్టింది.
తుప్పు గీకి, గ్రీజు పూసి,
పాత ప్యాడ్ అడ్డం పెట్టి క్లాంపు బిగిస్తూ
పిస్టన్‌ని వెనక్కి నెట్టాను,
నిద్రపోయే పిల్లని లేపకుండా
మంచం మీద ఆ చివరికి జరిపినంత నిదానంగా.
రెండో వైపు ఇరవై నిమిషాలే.
వేళ్ల మీద తోలు ఎంత పోయిందో లెక్కేయలేదు.

టెస్సాని సీట్లో కూర్చోబెట్టి "తొక్కు" అన్నాను.
పెడల్ నేల దాకా పోయింది.
అద్దంలోంచి నా వైపు చూసింది.
ఆ మొహం ఇంతకు ముందు ఒక్కసారే చూశాను,
చెరువులో ఈత నేర్పుతూ
దాని పొట్ట కింద నుంచి నా చేతులు తీసేసిన రోజు.
"అమ్మా, కింద ఏమీ లేదు."
"ఉంటుంది. మళ్లీ తొక్కు. మళ్లీ."
మూడోసారికి ఏదో తగిలింది.
ఐదోసారికి పెడల్ రాయిలా నిలబడింది.
"ఇలా తొక్కకుండా బండి కదిలించావో..."
"నీళ్లలోకే" అన్నాడు ఆంబ్రోస్.
ఎనభై తొమ్మిదిలో ఎవరూ చెప్పక
అతని ట్రక్కు తిన్నగా రేవులోకి దిగింది.
డల్సీ నవ్వింది. దుప్పటి చాటు నుంచి,
కానీ నవ్వింది.

రాత్రి తాళాలిచ్చాను.
మూస్‌లు రోడ్డెక్కే వేళ, జాగ్రత్త అన్నాను.
తెలుసంది.

పదకొండు. పదకొండున్నర.
కిటికీ తెరిచి, వాలు వైపు చెవి పెట్టి పడుకున్నాను.
కీచు లేదు.
అప్పుడు తట్టింది.
దాన్ని మధ్యాహ్నం నేనే, ఈ చేతుల్తోనే పీకి
డబ్బాలో పడేశాను.
ఇక వచ్చినా, రాకపోయినా
ఆ వాలుకి ఒకటే చప్పుడు.

పన్నెండుకి చెప్పుల్లేకుండా బయటికొచ్చాను.
పొగమంచులో కారు,
ఎప్పుడొచ్చిందో.
కుక్క కూడా లేవలేదు.
బానెట్ మీద చెయ్యి పెట్టాను.
వెచ్చగా ఉంది.